కొట్టు మనదే.. నేల దేవుడిది!

చెన్నై: షావుకారుపేట, జార్జిటౌన్ సందుల్లో తాతల నాటి నుంచి ఒకే కొట్టు నడుపుకుంటున్న తెలుగు కుటుంబాలు చాలానే ఉన్నాయి. నెలనెలా అద్దె కడుతున్నాం, మమ్మల్నెవరు లేపుతారన్న ధీమా వీరిది. యజమాని మామూలు మనిషైతే ఆ ధీమాకు కొంత అర్థముంది. ఆస్తి గుడిదో, సత్రానిదో, ధర్మాదాయ ట్రస్టుదో అయితే మాత్రం లెక్క వేరు.

1960 నాటి అద్దె నియంత్రణ చట్టం ప్రకారం సరైన కారణం చూపందే యజమాని ఖాళీ చేయించలేకపోయేవాడు. 1976 ఆగస్టు 16న తమిళనాడు ప్రభుత్వం జీవో 2000 తెచ్చి మత, ధార్మిక ట్రస్టుల భవనాలను ఆ చట్టం నుంచి తప్పించింది. కందస్వామి చెట్టియార్ కేసులో సుప్రీంకోర్టు కూడా జీవో చెల్లుతుందని తేల్చింది. అప్పట్నుంచి ట్రస్టు 15 రోజుల నోటీసిచ్చి సివిల్ కోర్టుకెక్కితే అద్దెదారుకు మిగిలే ఆసరా తక్కువే.

ఖాళీ స్థలం తీసుకుని సొంత డబ్బుతో కట్టుకున్నవారి సంగతి మరీ చిక్కు. 1921 నాటి నగర అద్దెదారుల రక్షణ చట్టంలోని 9వ సెక్షన్ ప్రకారం, ఖాళీ చేయాలంటూ దావా పడితే ఆ స్థలాన్ని తమకే అమ్మించమని వీరు కోర్టును కోరవచ్చు. 1996 సవరణతో మత సంస్థల స్థలాలకు ఈ హక్కు పోయింది. కపాలీశ్వరాలయ స్థలంలో ఉన్న మైలాపూర్ క్లబ్ సుప్రీంకోర్టు దాకా వెళ్లినా 2005లో ఫలితం దక్కలేదు. క్లబ్బు సంగతి సరే, చిన్న కొట్టువాడి గతేంటి?

అలాగని ధర్మకర్తలు ఆడింది ఆటా కాదు. దేవాదాయ చట్టం 34వ సెక్షన్ కింద కమిషనర్ అనుమతి లేకుండా ఐదేళ్లు మించి లీజు రాస్తే అది చెల్లదు. మేనేజరు మాట నమ్మి పాతికేళ్ల లీజంటూ లక్షలు పోసేవారు ముందు అడగాల్సింది ఆ అనుమతి కాగితమే.

2019 ఫిబ్రవరి 22 నుంచి కొత్త అద్దె చట్టం అమల్లోకొచ్చి 1960 చట్టం రద్దయింది. రాతపూర్వక ఒప్పందం, దాని రిజిస్ట్రేషన్ ఇప్పుడు తప్పనిసరి. నోటిఫికేషన్ ద్వారా ధార్మిక సంస్థలను మినహాయించే వీలు ఇందులోనూ ఉంది. కాబట్టి మీ భవనానికి ఏ చట్టం వర్తిస్తుందో వకీలు దగ్గర ముందే తేల్చుకోండి. రశీదు ఇంకా పోయిన తాతగారి పేరునే వస్తుంటే, మొదట ట్రస్టు రికార్డులో పేరు మార్పించుకోండి.