గడియ ఎటువైపు ఉంది?

ఖైదు అనగానే మన కళ్ళముందు మెదిలేవి ఇనుప చువ్వలూ, తాళంచెవుల గుత్తీ, కాపలావాడూ. సినిమాలు మనకలా అలవాటు చేశాయి. కానీ ఆడవాళ్ళ బందీ బతుకుల మీద వచ్చిన పుస్తకాలు వరసపెట్టి చదువుకుంటూ పోతే ఒక చిత్రమైన సంగతి బయటపడుతుంది. చాలా పుస్తకాల్లో అసలు తాళమే ఉండదు! తలుపు బార్లా తెరిచే ఉంటుంది. వాకిట్లో ఎండ పడుతూనే ఉంటుంది. ఆమె మాత్రం గడప దాటదు. ఎవరు ఆపారమ్మా అంటే చెప్పలేదు కూడా.

కొన్ని పుస్తకాల్లో దీనికి పూర్తిగా తిరగేసి ఉంటుంది. కాళ్ళు చాపుకోవడానికి చోటు లేని చీకటి అరలో మనిషి ముడుచుకుని ఉంటుంది. మనసు మాత్రం ఊరంతా తిరిగి వస్తూంటుంది.

ఈ రెంటిలో ఏది కఠినమని ఎవరైనా అడిగితే నేను తడుముకోకుండా మొదటిదే అంటాను. కనిపించే గోడకు గునపం వేయొచ్చు. కనిపించని గోడకు ఎక్కడ వేస్తాం? ఈ తేడా నాకు చూపించినవాళ్ళు ఇద్దరు ఆడవాళ్ళు. ఇద్దరిదీ పందొమ్మిదో శతాబ్దమే. ఒకామె బెంగాల్లో కలిగిన ఇంటి కోడలు. రెండో ఆమె అమెరికాలో బానిస. ఒకరి పేరు ఇంకొకరు విని కూడా ఉండరు.

గుర్రం ముందుకీ రాని ఇల్లాలు

రాససుందరీ దేవి సుమారు 1810లో, ఇప్పుడు బంగ్లాదేశ్‌లో ఉన్న ఒక పల్లెలో పుట్టింది. పన్నెండేళ్ళకు పెళ్ళయింది. పధ్నాలుగో ఏడు వచ్చేసరికి వంటిల్లు మొత్తం ఆమె నెత్తిన పడింది. తర్వాత పన్నెండుమంది పిల్లలు. ఆవిడ తన కథను 'ఆమార్ జీబన్', అంటే 'నా జీవితం' అన్న పేరుతో రాసుకుంది. మొదటి భాగం 1876లో అచ్చయింది. బెంగాలీలో మొట్టమొదటి పూర్తి ఆత్మకథ అదేనంటారు. మొదటి ఆత్మకథ రాసింది ఏ పండితుడో, ఏ దివానో కాదు, ఒక వంటింటి మనిషి!

ఆ పుస్తకంలో కొట్టే మొగుడు లేడు, వాతలు పెట్టే అత్త లేదు. భర్త మంచివాడేనని ఆవిడే రాసింది. మరి బాధేమిటి? అందరికీ వడ్డించి తను తిందామని కూర్చునేసరికి అతిథి వస్తాడు. ఆ అన్నం ఆయనకు పెట్టేస్తుంది. మళ్ళీ వండుకునేలోపు చంటిపిల్ల లేస్తుంది. అలా రెండు రోజులు అన్నం లేకుండా గడిచిపోయిందట. ఇంటినిండా మనుషులున్నా ఒక్కరికీ తెలియలేదు. ఆవిడా చెప్పలేదు. తల్లి పోయినప్పుడు వెళ్ళలేకపోయినందుకు తనను తాను ఖైదీతో పోల్చుకుని ఏడ్చింది. పంజరంలో పక్షి అంది, గానుగెద్దు అంది.

అన్నిటికన్నా నన్ను పట్టుకున్నది గుర్రం ముచ్చట. భర్తకో గుర్రం ఉండేది. ఒకరోజు అది వాకిట్లో ఆరబోసిన ధాన్యం తింటోంది. ఈవిడ లోపలే నక్కి నిలబడింది. ఎందుకంటారా? అది భర్తగారి గుర్రం కదా, దాని ముందు ఎలా పడటం! దాన్ని తోలే ధైర్యమూ లేదు, కళ్ళబడే ధైర్యమూ లేదు. పిల్లలు నవ్వారట, అది గుర్రమేగా అమ్మా అని. తర్వాత తనకే సిగ్గేసిందని ఆవిడే రాసింది.

ఇది మా అత్తగారికి చదివి వినిపించాను. నవ్వుతారనుకున్నాను. ఆవిడ నవ్వలేదు. చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ, "మీ మామగారి చెప్పులు వాకిట్లో కనబడితే నేనూ గొంతు తగ్గించేదాన్నమ్మా" అన్నారు. మామగారు పోయి అప్పటికి ఆరేళ్ళు. వసారాలో ఆయన పడక్కుర్చీ ఉంది. మోకాళ్ళ నొప్పులతో గడప మీద కూర్చునేవారు గానీ ఆ కుర్చీలో మాత్రం ఒక్కనాడూ కూర్చోలేదు. మేమెవ్వరం వద్దనలేదు. పైగా కూర్చోండని బతిమాలేవాళ్ళం కూడా. "అలవాటు లేదులే" అనేవారు. రాససుందరి గుర్రమూ మా అత్తగారి కుర్చీ ఒకటే. కాపలావాడు పోయినా కాపలా పోదు.

మరి రాససుందరి ఎలా బయటపడింది? ఇల్లు వదిలి వెళ్ళలేదు. ఒక కాగితం దొంగిలించింది! ఆడది చదివితే ముండమోస్తుందని నమ్మే రోజులవి. పాతికేళ్ళ వయసులో ఆవిడకు చైతన్య భాగవతం చదువుతున్నట్టు కల వచ్చింది. తర్వాత ఒకరోజు భర్త ఆ గ్రంథాన్ని వంటింట్లో పెట్టి వెళ్ళాడు. అవి కుట్టు లేని విడి ఆకుల పుస్తకాలు. అందులోంచి ఒక్క ఆకు తీసి దాచింది. పెద్దకొడుకు అక్షరాలు దిద్దుకునే తాటాకు ఒకటి తెచ్చుకుంది. చిన్నప్పుడు పుట్టింట్లో మగపిల్లల బడి దగ్గర కూర్చుని విన్న అక్షరాల మోత ఎక్కడో చెవిలో మిగిలి ఉంది. గ్రంథంలో అక్షరాన్నీ, తాటాకు మీద అక్షరాన్నీ, చెవిలో ఉన్న అక్షరాన్నీ పక్కపక్కన పెట్టి కలుపుకోవాలి. కుడిచేత్తో గరిటె, ఎడమచేతిలో ఆకు, ముఖం మీద ముసుగు. ఎవరైనా వస్తున్న అలికిడైతే ఆకు దాగిపోవాలి. అలా ఏళ్ళ తరబడి ఒక్కో అక్షరం కూడబలుక్కుని చదువు పట్టుకుంది.

మనవైపూ ఇలాంటి కథ లేకపోలేదు. 1901లో 'అబలా సచ్చరిత్ర రత్నమాల' వెలువరించిన భండారు అచ్చమాంబ కూడా బడిమెట్టు ఎక్కలేదు. భర్తకు ఇష్టం లేకపోయినా తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు చదువుకుంటుంటే పక్కన చేరి నేర్చుకున్నదే. ఆ తమ్ముడే లేకపోతే మనకా పుస్తకం ఉండేదో లేదో!

మూడడుగుల ఎత్తు, ఏడేళ్ళ కాలం

రెండో ఆమె హారియెట్ జేకబ్స్. అమెరికాలోని నార్త్ కరోలినాలో 1813లో బానిసగా పుట్టింది. పదిహేనేళ్ళు వచ్చేసరికి యజమాని ఆమె వెంటపడటం మొదలుపెట్టాడు. చట్టం ప్రకారం ఆమె ఆ ఇంటివాళ్ళ సొత్తు, వాళ్ళ కుర్చీ బల్లల్లాగే. పిల్లలు పుడితే వాళ్ళూ సొత్తే. 1835లో ఆమె పారిపోయింది. ఎక్కడికి? ఎంతో దూరం కాదు, అదే ఊళ్ళో అమ్మమ్మ ఇంటికి! సామాన్ల గది మీద, పైకప్పు కింద చిన్న అర ఉంది. పొడవు తొమ్మిదడుగులు, వెడల్పు ఏడడుగులు, ఎత్తు ఎక్కువలో ఎక్కువ మూడడుగులు. మన వంటగట్టు ఎత్తు చూసుకోండి, ఇంచుమించు అంతే. కప్పు ఏటవాలుగా దిగుతుంది కాబట్టి ఒకవైపు పక్క తిరిగి పడుకున్నా తల కొట్టుకుంటుంది. వెలుతురు లేదు, గాలి లేదు. ఎలుకలు మాత్రం ఉన్నాయి. అందులో ఆమె దాదాపు ఏడేళ్ళు ఉంది.

చీకట్లో చేతికి ఒక చిన్న బరమా తగిలింది. దాంతో చెక్కకు బెజ్జాలు పెట్టుకుంది. ఆ సందులోంచి వీధిలో ఆడుకుంటున్న తన ఇద్దరు పిల్లల్ని చూసుకునేది. అమ్మ నెత్తిమీదే ఉందని వాళ్ళకు తెలియదు. పిల్లల గొంతు వినబడుతుంది, పిలవకూడదు. ఇంతకన్నా కష్టం ఏ జైల్లో ఉంటుంది చెప్పండి? అయినా ఆ సందు వెలుగులోనే బట్టలు కుట్టింది, చదువుకుంది. అంతేనా... యజమానికి ఉత్తరాలు రాసింది! న్యూయార్క్‌లో ఉన్నట్టు పైన ఊరి పేరు వేసి, నమ్మకస్తుల చేత అక్కడి నుంచి పోస్టు చేయించింది. ఆ పెద్దమనిషి ఆ ఉత్తరం పట్టుకుని అమ్మమ్మ దగ్గరికి వచ్చి, రాసినదాన్ని మార్చి తనకు కావలసినట్టు చదివి వినిపించాడు. హారియెట్ చాటు నుంచి వింటూనే ఉంది. ఇప్పుడు చెప్పండి, ఆ ఊళ్ళో ఎవరు ఎవరి చేతిలో ఉన్నట్టు?

1842లో ఆమె ఓడెక్కి ఉత్తరాదికి చేరింది. అరలో ముడుచుకున్న శరీరం మాత్రం మళ్ళీ మునుపటిలా కాలేదు. 1852లో ఆమెకు పని ఇచ్చిన ఇంటావిడ 300 డాలర్లు కట్టి ఆమెను విడిపించింది. హారియెట్ సంతోషించింది, బాధపడింది కూడా. నన్ను నాకు అమ్మే హక్కు వాళ్ళకెక్కడిదని ఆమె బాధ. స్వేచ్ఛ వచ్చిన రోజున కూడా రసీదు వంక అనుమానంగా చూడగలిగిన మనసది. ఆ మనసును ఎవరూ ఏనాడూ కొనలేదు. 1861లో ఆమె మారుపేరుతో అచ్చు వేయించిన పుస్తకాన్ని చాలాకాలం కట్టుకథ అన్నారు, వేరెవరో రాశారన్నారు. బానిస ఆడది ఇంత బాగా ఎలా రాస్తుందని! 1980లలో జీన్ ఫేగన్ యెలిన్ అనే పరిశోధకురాలు ఉత్తరాలూ దస్తావేజులూ గాలించి, ఇది హారియెట్ రాసిన ఆమె సొంత కథేనని నిరూపించేదాకా ఆ పుస్తకానికి కూడా విడుదల లేదు.

"నీ మంచికే!"

మూడో రకం బందీ ఒకటుంది. ఇది ప్రేమతో కట్టేది. షార్లెట్ పెర్కిన్స్ గిల్మన్ 1892లో రాసిన 'పసుపుపచ్చ వాల్‌పేపర్' చిన్న కథే. ఒక కూర్చున్నంతలో అయిపోతుంది, వారం రోజులు నిద్ర పట్టనివ్వదు. బిడ్డను కన్న ఇల్లాలికి మనసు బాగాలేదు. భర్త డాక్టరు. గాలి మార్పుకని పెద్ద బంగళాకు తీసుకెళ్ళి మేడమీద గదిలో పెడతాడు. కిటికీలకు కమ్ములు, నేలకు బిగించిన మంచం. పని చెయ్యకు, రాయకు, ఆలోచించకు, విశ్రాంతి తీసుకో అంటాడు. ముద్దుగానే అంటాడు. చేయడానికేమీ లేక ఆమె గోడ మీది పసుపు కాగితాన్ని చూస్తూ ఉంటుంది. ఆ డిజైన్ వెనక ఒక ఆడమనిషి చువ్వలు పట్టుకుని ఊపుతున్నట్టు కనిపించడం మొదలవుతుంది...

ఇది ఊహ ఒక్కటే కాదు. గిల్మన్‌కు 1887లో సైలస్ వెయిర్ మిచెల్ అనే పేరుమోసిన డాక్టరు అలాంటి వైద్యమే చేశాడు. ఇంటిపనికే అంకితం కావాలి, చదువూ ఆలోచనా రోజుకు రెండు గంటలు మించకూడదు, జన్మలో మళ్ళీ కలమూ కుంచే ముట్టకూడదు. ఇదీ ఆయన రాసిచ్చిన మందు! ఆమెకు పిచ్చెక్కినంత పనయింది. మందు పారేసి కలం పట్టుకున్నాకే తేరుకుంది. కథ అచ్చయ్యాక ఒక ప్రతి ఆ డాక్టరుకే పంపింది. నాకు ఆవిడ మీద గౌరవం పెరిగింది సరిగ్గా అక్కడే.

ఈ కథ చదివినప్పుడల్లా నాకు మన ఇళ్ళల్లో మాటలే వినిపిస్తాయి. "ఒక్కదానివీ ఎందుకు, నేను తీసుకెళ్తాగా", "నీకీ బ్యాంకు గొడవలెందుకు, సంతకం పెట్టు చాలు", "ఫోన్‌లో లొకేషన్ ఆన్ చేసి ఉంచు, నీ మంచికే". కోపంగా అంటే ఎదురు చెప్పొచ్చు. ప్రేమగా అంటే ఏం చెబుతాం?

ఒక ఇంట్లోంచి ఇంకో ఇంట్లోకి

మన తెలుగులో ఈ సంగతిని సూటిగా పట్టుకున్న నవల ఓల్గా 'స్వేచ్ఛ'. 1987లో వచ్చింది. అరుణ పుట్టింటి కట్టడి భరించలేక, ప్రేమించినవాణ్ణి పెళ్ళాడితే స్వేచ్ఛ దొరుకుతుందనుకుంటుంది. తీరా చూస్తే ఇల్లు మారింది గానీ అడగడం మారలేదు. అప్పుడు నాన్నను అడగాలి, ఇప్పుడు ఆయన్ని అడగాలి. అంతకు అరవయ్యేళ్ళ ముందే చలం రాజేశ్వరిని గోడలే లేని 'మైదానం'లోకి తీసుకుపోయాడు. అక్కడ కూడా కడుపులో బిడ్డను ఉంచుకోవాలా వద్దా అన్నది ఆమె ఒక్కతే తేల్చుకోలేకపోయింది. చలాన్ని తిట్టేవాళ్ళూ పొగిడేవాళ్ళూ ఈ చోటు త్వరత్వరగా దాటేస్తారెందుకో! 1993లో వచ్చిన ఓల్గా 'రాజకీయ కథలు' మరీ దగ్గరికొచ్చి, మన కళ్ళ మీదా, ముక్కుపుడక మీదా ఎవరి అధికారం నడుస్తోందో చూపిస్తాయి.

మా పేటలో పదిమంది ఆడవాళ్ళం నెలకోసారి కలిసి పుస్తకాల గురించి మాట్లాడుకుంటాం. ఒకావిడ నిష్ఠూరంగానే అన్నారు: "ఇవన్నీ చదివితే ఉన్న సంసారం మీద మనసు విరిగిపోతుందండీ. హాయిగా ఉన్నవాళ్ళని ఎందుకు కదపడం?" ఆవిడ మాట నేను తేలిగ్గా తీసెయ్యను. నిజమే, అరుణలా అందరూ బయటికి రాలేరు. వచ్చి ఎక్కడికి వెళ్ళాలన్నది చిన్న ప్రశ్న కాదు. కానీ పుస్తకం ఇల్లు వదలమని చెప్పదు. గడియ ఎటువైపు ఉందో చూసుకోమంటుంది, అంతే. అదే సమావేశానికి వచ్చే ఇంకొకావిడ తను చదివే నవలకు లలితా సహస్రనామం అట్ట వేసుకుని తెస్తారు. అరవై దాటాయి ఆవిడకు! ఆవిడది హాయి అనమంటారా?

చదువు వల్ల కదలిక అంటే నాకు దూబగుంట గుర్తొస్తుంది. నెల్లూరు జిల్లాలో అక్షరదీపం రాత్రిబళ్ళలో పెద్దవాళ్ళు పలకా బలపం పట్టారు. వాచకంలో సారా వల్ల సంసారం పాడైన సీతమ్మ కథ ఒక పాఠం. అది చదివి, ఇది మన కథే కదా అనుకున్నారు. 1992లో మొదలైన ఆ సారా వ్యతిరేక ఉద్యమం రాష్ట్రమంతా అంటుకుని, 1993 అక్టోబరు 1 నుంచి సారాను నిషేధించేదాకా ఆగలేదు. అంతకుముందు సారా అంగడి ఆ ఊళ్ళో లేక కాదు. వాళ్ళు కళ్ళతో రోజూ చూస్తున్నదే. అచ్చులో చూసేదాకా అది మార్చగల సంగతిగా కనిపించలేదు.

ఇంతకీ రాససుందరి సంగతి సగంలో వదిలేశాను. ఆవిడకు చదవడం వచ్చింది గానీ రాయడం రాలేదు. చదవడం దొంగచాటుగా కుదురుతుంది, గరిటె తిప్పుతూ కుదురుతుంది. రాయాలంటే కాగితం కావాలి, కలం సిరా కావాలి, కుదురుగా కూర్చోవాలి, అందరికీ కనబడిపోతుంది. అలా మరో పాతికేళ్ళు గడిచిపోయాయి. దూరాన చదువుకుంటున్న కొడుకు ఒకడు ఇంటికొచ్చి, నా ఉత్తరాలకు జవాబెందుకు రాయవమ్మా అని నిలదీశాడు. చదవడం వచ్చు గానీ రాయడం రాదురా అంది. ఆ అబ్బాయి కాగితాలూ కలమూ సిరాబుడ్డీ తెచ్చి ముందు పెట్టి, ఈసారి జవాబు రాకపోతే ఊరుకోనని చెప్పి వెళ్ళాడు. యాభయ్యేళ్ళ ఆ తల్లి అందరూ చూస్తుండగా కూర్చుని, అక్షరాలు దిద్దడం మొదలుపెట్టింది.