యూనిట్ - 7: మైకులను, వాద్యాలను ఆడియో మిక్సర్‌కు కలపడం

7.0 లక్ష్యాలు

ఈ యూనిట్ చదివిన తరువాత మీరు:
- మైకు, పికప్, లైన్ సంకేతాల స్థాయిల మధ్య తేడాను వివరించగలుగుతారు.
- ఏ పరికరాన్ని మిక్సర్‌లోని ఏ సాకెట్‌కు కలపాలో నిర్ణయించగలుగుతారు.
- ఫాంటమ్ పవర్‌ను, గెయిన్‌ను సరైన క్రమంలో ఉపయోగించగలుగుతారు.
- హమ్ వచ్చినప్పుడు దాని కారణాన్ని ప్రమాదం లేని పద్ధతిలో గుర్తించగలుగుతారు.

7.1 ఉపోద్ఘాతం

ఒక కళాశాల వార్షికోత్సవంలో లలిత సంగీత కార్యక్రమం ఉన్నదనుకోండి. వేదిక మీద ఒక గాయని, పికప్ అమర్చిన వయొలిన్, మృదంగం, కీబోర్డు ఉన్నాయి. ప్రార్థన గీతాన్ని ల్యాప్‌టాప్ నుంచి వినిపించాలి. మిక్సర్ బాధ్యత మీది.

కొత్తగా ఈ పని నేర్చుకొనేవారు ముందుగా ఫేడర్ల మీద, టోన్ నాబ్‌ల మీద దృష్టి పెడతారు. కాని తప్పు సాకెట్‌లోకి వచ్చిన సంకేతాన్ని ఏ నాబ్ పూర్తిగా బాగుచేయలేదు. మొదటి మెట్టులో చేరిన రొద తరువాతి మెట్లలో సంగీతంతోపాటే పెరుగుతుంది. కాబట్టి ప్రతి పరికరం గురించి ముందుగా రెండు ప్రశ్నలు వేసుకోండి. దాని నుంచి వచ్చే సంకేతం ఎంత బలమైనది? అది బాలెన్స్‌డ్ పద్ధతిలో వస్తున్నదా, లేదా? ఈ రెండింటికి జవాబు తెలిస్తే సాకెట్, కేబుల్ ఏవో తేలిపోతాయి.

7.2 సంకేత స్థాయిలు

మైకు నుంచి వచ్చే సంకేతం సాధారణంగా కొన్ని మిల్లీవోల్టులు మాత్రమే. దాన్ని మిక్సర్‌లోని ప్రీ-యాంప్లిఫయర్ ఎన్నో రెట్లు పెంచాలి. లైన్ సంకేతం అంతకంటే చాలా బలమైనది. వృత్తిపరమైన పరికరాల ప్రామాణిక స్థాయి +4 డీబీయూ, అంటే సుమారు 1.23 వోల్టులు. గృహోపయోగ పరికరాలలో ఇది సుమారు 0.316 వోల్టులు. లైన్ సంకేతాన్ని మైకు సాకెట్‌కు ఇస్తే ధ్వని చీలినట్లు వినిపిస్తుంది. మైకు సంకేతాన్ని లైన్ సాకెట్‌కు ఇస్తే ధ్వని చాలా తక్కువగా, రొద ఎక్కువగా ఉంటుంది.

వాద్యాల పికప్‌ల విషయంలో మరో చిక్కు ఉన్నది. వయొలిన్, వీణలకు అమర్చే పీజో పికప్ చాలా తక్కువ కరెంటును మాత్రమే ఇవ్వగలదు. మిక్సర్ లైన్ ఇన్‌పుట్ నిరోధం చాలా వరకు 10 కిలోఓమ్‌ల ప్రాంతంలో ఉంటుంది. పీజో పికప్‌ను నేరుగా దానికి కలిపితే మంద్ర స్వరాలు తగ్గి, వాద్యం పలుచగా, రేకు డబ్బా లాగా మోగుతుంది. పికప్‌కు, మిక్సర్‌కు మధ్య డీఐ బాక్స్ పెట్టడం దీనికి పరిష్కారం. యాక్టివ్ డీఐ బాక్స్ ఇన్‌పుట్ నిరోధం సాధారణంగా 1 మెగాఓమ్ లేదా అంతకంటే ఎక్కువ. దాని నుంచి మైకు స్థాయిలో, బాలెన్స్‌డ్ పద్ధతిలో సంకేతం బయటకు వస్తుంది.

7.3 బాలెన్స్‌డ్ కనెక్షన్

మైకు కేబుల్ చివర ఉండే ఎక్స్‌ఎల్‌ఆర్ కనెక్టర్‌లో మూడు పిన్నులు ఉంటాయి. 1వది తొడుగు తీగకు చెందినది. 2, 3 పిన్నుల మధ్య సంకేతం ఉంటుంది. మిక్సర్ ఈ రెండు తీగల మధ్య తేడాను మాత్రమే తీసుకుంటుంది. దారిలో చేరిన విద్యుత్ రొద రెండు తీగల మీద దాదాపు సమానంగా ఉంటుంది కాబట్టి తీసివేతలో అది పోతుంది. అందువల్లనే మైకు కేబుల్‌ను పదుల మీటర్ల దూరం తీసుకుపోవచ్చు. ఒకే సంకేత తీగ, తొడుగు ఉన్న మామూలు జాక్ కేబుల్‌కు ఈ రక్షణ లేదు. దాన్ని 5, 6 మీటర్లకు మించనీయకండి.

ఈ తీసివేత సూత్రమే ఒక్కొక్కసారి మనల్ని ఇబ్బంది పెడుతుంది. ల్యాప్‌టాప్ హెడ్‌ఫోన్ సాకెట్‌లో రెండు తీగల మీద ఎడమ, కుడి సంకేతాలు ఉంటాయి. రెండు చివరలా స్టీరియో జాక్ ఉన్న కేబుల్‌తో దాన్ని ఒకే బాలెన్స్‌డ్ ఇన్‌పుట్‌కు కలిపితే మిక్సర్ ఎడమ నుంచి కుడిని తీసివేస్తుంది. పాటలో గాయకుని గొంతు సాధారణంగా రెండింటిలో సమానంగా ఉంటుంది. కాబట్టి వాద్యాలు కొంత వినిపిస్తాయి, గొంతు మాయమవుతుంది. పాట ఫైలు చెడిపోయిందని అనుకోకండి. ఒక చివర స్టీరియో జాక్, రెండో చివర రెండు విడి జాక్‌లు ఉన్న కేబుల్ తీసుకొని రెండు లైన్ ఇన్‌పుట్‌లకు కలపండి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి: బాలెన్స్‌డ్ కేబుల్‌లో రొద పోవడానికి, ల్యాప్‌టాప్ పాటలో గొంతు పోవడానికి ఉన్న సామాన్య కారణం ఏమిటి?

7.4 పరికరాలను కలిపే విధానం

- గాయని మైకు: ఎక్స్‌ఎల్‌ఆర్ కేబుల్‌తో మైకు ఇన్‌పుట్‌కు.
- వయొలిన్ పికప్: చిన్న జాక్ కేబుల్‌తో డీఐ బాక్స్‌కు, అక్కడి నుంచి మైకు ఇన్‌పుట్‌కు.
- మృదంగం: రెండు వైపులకు రెండు మైకులు, రెండు మైకు ఇన్‌పుట్‌లు.
- కీబోర్డు: మిక్సర్ దగ్గరలో ఉంటే లైన్ ఇన్‌పుట్‌కు, దూరంగా ఉంటే డీఐ బాక్స్ ద్వారా మైకు ఇన్‌పుట్‌కు. ఒకే కేబుల్ వాడితే ఎడమ/మోనో అని రాసిన సాకెట్‌లోనే పెట్టండి.

7.5 ఫాంటమ్ పవర్

కండెన్సర్ మైకులకు, అనేక యాక్టివ్ డీఐ బాక్స్‌లకు విద్యుత్తు అవసరం. మిక్సర్ ఈ 48 వోల్టులను మైకు కేబుల్ ద్వారానే, 2, 3 పిన్నుల మీద సమానంగా పంపుతుంది. ఆ రెండింటి మధ్య తేడా లేదు కాబట్టి, కేబుల్ సరిగా ఉన్నంతవరకు, షూర్ ఎస్ఎం58 వంటి డైనమిక్ మైకుకు హాని జరగదు. పాత రిబ్బన్ మైకుల విషయంలో మాత్రం జాగ్రత్త అవసరం. చిన్న మిక్సర్లలో అన్ని చానళ్లకు కలిపి ఒకే స్విచ్ ఉండవచ్చు. కేబుళ్లన్నీ కలిపిన తరువాత, చానళ్లను మ్యూట్ చేసి ఆ స్విచ్ వేయండి.

7.6 ఆన్ చేసే క్రమం, గెయిన్

ముందు వాద్యాలు, తరువాత మిక్సర్, చివరగా పవర్ యాంప్లిఫయర్ ఆన్ చేయండి. ఆపేటప్పుడు యాంప్లిఫయర్‌ను మొదట ఆపండి. లేకుంటే ఢబ్బుమనే దెబ్బకు స్పీకర్లు పాడు కావచ్చు.

గెయిన్ సరిచేయడానికి ఫేడర్‌ను కిందికి దించి, ఆ చానల్ పీఎఫ్ఎల్ బటన్ నొక్కండి. గాయనిని పాటలోని తారస్థాయి పంక్తిని పాడమనండి. మామూలు అనలాగ్ మిక్సర్‌లో మీటర్ సగటున 0 దగ్గర ఆడేవరకు గెయిన్ పెంచండి. క్లిప్ దీపం వెలగకూడదు. సభ నిండిన తరువాత కళాకారులు రిహార్సల్‌లో కంటే గట్టిగా పాడతారు. అందుకు కొంత చోటు వదలండి.

7.7 హమ్, భద్రత

మన దేశంలో విద్యుత్తు పౌనఃపున్యం 50 హెర్ట్జ్‌లు. మిక్సర్‌ను, ల్యాప్‌టాప్ చార్జర్‌ను వేర్వేరు చోట్ల ప్లగ్ చేస్తే ఎర్త్ తీగ, కేబుల్ తొడుగు కలిసి ఒక వలయంగా ఏర్పడి, ఈ పౌనఃపున్యానికి చెందిన హమ్ స్పీకర్లలో వినిపించవచ్చు. దీనినే గ్రౌండ్ లూప్ అంటారు. చానళ్లను ఒక్కొక్కటిగా మ్యూట్ చేస్తూ హమ్ ఎక్కడి నుంచి వస్తున్నదో కనుక్కోండి. ధ్వని పరికరాలన్నింటికీ ఒకే చోటు నుంచి కరెంటు తీసుకోండి. చార్జర్ తీసి చూడండి. డీఐ బాక్స్ మీది గ్రౌండ్ లిఫ్ట్ స్విచ్ వాడండి. అది సంకేత కేబుల్ తొడుగును మాత్రమే విడదీస్తుంది, కరెంటు ఎర్త్‌ను తాకదు.

ప్లగ్‌లోని పెద్ద పిన్ను, అంటే ఎర్త్ పిన్ను, ఎప్పుడూ తీయకండి. నేను చూసిన ఒక కార్యక్రమంలో హమ్ పోవడం లేదని గిటారు యాంప్లిఫయర్ ప్లగ్‌కు ఎర్త్ తీగ తీసేశారు. హమ్ ఆగింది, అందరూ సంతోషించారు. రాత్రి గిటారు వాయిస్తూ పాడబోయిన విద్యార్థి పెదవులు మైకుకు తగలగానే వెనక్కి పడిపోయాడు. ప్రాణాపాయం తప్పింది. యాంప్లిఫయర్‌లోని లోపం వల్ల దాని లోహపు పెట్టెలోకి 230 వోల్టుల కరెంటు వచ్చింది. ఎర్త్ తీగ ఉండి ఉంటే కరెంటు దాని ద్వారా పోయి ఫ్యూజు ఎగిరిపోయేది. అది లేనందువల్ల గిటారు తీగలు, చెయ్యి, పెదవి, మైకు, మిక్సర్ ఎర్త్ - ఇదే దానికి దారి అయింది. హమ్‌తో కార్యక్రమం నడపవచ్చు. ఎర్త్ లేకుండా నడపకూడదు.

7.8 సారాంశం

సంకేతం బలం, బాలెన్స్‌డ్ అవునా కాదా అనే రెండు విషయాలు సాకెట్‌ను నిర్ణయిస్తాయి. పీజో పికప్‌కు డీఐ బాక్స్ కావాలి. ఫాంటమ్ పవర్‌ను కేబుళ్లు కలిపిన తరువాతనే ఇవ్వాలి. గెయిన్‌ను మొదటి మెట్టులోనే సరిచేయాలి. హమ్‌ను సంకేత మార్గంలో సరిచేయాలి గాని కరెంటు ఎర్త్ జోలికి పోరాదు.

7.9 మాదిరి ప్రశ్నలు

1. మైకు స్థాయి, లైన్ స్థాయి సంకేతాల తేడాను ఉదాహరణలతో వివరించండి.
2. పీజో పికప్‌ను నేరుగా లైన్ ఇన్‌పుట్‌కు కలిపితే ఏమవుతుంది? ఎందుకు?
3. గ్రౌండ్ లిఫ్ట్ స్విచ్ వాడటానికి, ఎర్త్ పిన్ను తీయడానికి మధ్య తేడాను చర్చించండి.
4. మీ ప్రాంతంలో జరిగే ఒక సంగీత కార్యక్రమాన్ని పరిశీలించి, అందులో వాడిన ప్రతి పరికరానికి స్థాయి, కేబుల్, సాకెట్ చూపే పట్టిక తయారుచేయండి.