ఇత్తడి ముక్కు, టైటానియం దవడ, గుట్టు విప్పే పాలపన్ను!

చుక్కల లెక్కలు కట్టిన డెన్మార్క్ ఖగోళ శాస్త్రవేత్త టైకో బ్రాహీ పెట్టుడు ముక్కుతో తిరిగేవాడని మీకు తెలుసా? 1566లో, ఇరవై ఏళ్లకే, కత్తి దెబ్బకు ముక్కు తెగింది. పెట్టుకున్నది వెండి ముక్కని అంతా చెప్పుకునేవారు. 2010లో ప్రాగ్‌లో సమాధి తెరిచి, ముక్కు దగ్గరి ఎముకను పరీక్షిస్తే బయటపడినవి రాగి, జింకు. అంటే ఇత్తడి! నాలుగు శతాబ్దాల వెండి కబురు ఒక్క పరీక్షతో సరి!

మొదటి ప్రపంచ యుద్ధంలో ముఖం ఛిద్రమైన సైనికులకు రాగి రేకుతో ముఖాలు చేసిచ్చింది ఎవరో మీకు తెలుసా? డాక్టరు కాదు, శిల్పి! అమెరికాకు చెందిన అన్నా కోల్‌మన్ లాడ్. పారిస్‌లో కూర్చుని, మనిషికి ముసుగు తొడిగి మరీ అతని చర్మం రంగు వేసేది. మీసాలకు అసలు వెంట్రుకలే! జారకుండా పట్టి ఉంచేది కళ్లజోడు!

పళ్ల ఇంప్లాంట్లకు దారి చూపింది ఒక కుందేలని మీకు తెలుసా? 1952లో స్వీడన్‌లో బ్రోనెమార్క్ అనే శాస్త్రవేత్త, ఎముకలో రక్తం ఎలా పారుతుందో చూడాలని కుందేలు కాలి ఎముకలో టైటానియం గొట్టం అమర్చాడు. పని అయ్యాక తీయబోతే రాదే! ఎముక దాన్ని తనలో కలిపేసుకుంది. 1965లో గోస్టా లార్సన్ అనే ఆయన దవడలో టైటానియం మరలు బిగించారు. 2006లో ఆయన కన్నుమూసేదాకా అవి కదల్లేదు. నలభై ఏళ్ల గట్టి కాపురం!

మరి దవడనే ప్రింట్ తీస్తే? 2011లో నెదర్లాండ్స్‌లో 83 ఏళ్ల అవ్వకు త్రీడీ ప్రింటర్‌లో తయారైన టైటానియం కింది దవడ పెట్టారు. బరువు 107 గ్రాములు. మత్తు దిగిన కాసేపటికే మాట్లాడేసిందట అవ్వ!

ఇప్పుడు పళ్ల సంగతి. ఒంట్లో అన్నిటికన్నా గట్టిది పంటి మీది ఎనామిల్. కానీ దాన్ని కట్టే కణాలు పన్ను బయటికి వచ్చేసరికి మాయమైపోతాయని మీకు తెలుసా? విరిగిన ఎముక అతుక్కుంటుంది, తెగిన చర్మం మానుతుంది. ఎనామిల్ మాత్రం ఒక్కసారే! అందుకే పసితనంలో తగిలిన విషం అక్కడ అచ్చుపడిపోతుంది.

అమెరికాలో కొలరాడో స్ప్రింగ్స్ పిల్లల పళ్లపై గోధుమ మచ్చలెందుకో తేలడానికి ముప్పై ఏళ్లు పట్టింది. 1901లో మెకే అనే దంతవైద్యుడు మొదలుపెట్టిన వేట 1931లో ముగిసింది. దొంగ ఎవరు? నీళ్లలోని ఫ్లోరైడ్!

మన దేశంలో ఆ దొంగ తొలిసారి పట్టుబడింది ఎక్కడో మీకు తెలుసా? 1937లో, అప్పటి నెల్లూరు జిల్లాలో! పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరుతో తాగునీటిలో ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతిని నాగ్‌పూర్‌లోని నీరి సంస్థ 1970లలో రూపొందించింది. ఫ్లోరైడ్ నీళ్లతో బాధపడిన నల్గొండ పేరే దానికి: నల్గొండ టెక్నిక్. టాంజానియాలో, ఇథియోపియాలో కూడా అదే పేరు! మచ్చల పళ్లతో నవ్వడానికి సిగ్గుపడిన నల్గొండ పిల్లలకు ఈ గౌరవంలో సింహభాగం దక్కాలి.

మన పిల్లలు ఊడిన పన్నును ఇంటి పైకప్పు మీదికి విసిరితే, అమెరికాలోని సెయింట్ లూయిస్ పిల్లలు ఏం చేశారో మీకు తెలుసా? శాస్త్రవేత్తలకు పంపారు! 1958 నుంచి 1970 దాకా దాదాపు మూడు లక్షల పళ్లు! పంపినవారికి 'నా పన్ను సైన్స్‌కిచ్చాను' అని ఒక బ్యాడ్జి. అణుబాంబు పరీక్షల బూడిదలోని స్ట్రాన్షియం-90 గడ్డిలోకి, పాలలోకి, అక్కడి నుంచి పళ్లలోకి చేరిందని తేలింది. 1950లో పుట్టినవారి కన్నా 1963లో పుట్టినవారి పళ్లలో అది దాదాపు 50 రెట్లు! గాలిలో, నీటిలో, అంతరిక్షంలో అణుపరీక్షలు ఆపే ఒప్పందం 1963లో కుదరడం వెనుక ఈ పాలపళ్ల పలుకుబడీ ఉంది. ఇంకో వింత: మిగిలిన 85,000 పళ్లు 2001లో మళ్లీ దొరికాయి. ఎక్కడ? పాత మందుగుండు బంకర్‌లో!

1976 జులై 10న ఇటలీలోని సెవెసోలో డయాక్సిన్ అనే విషపు మబ్బు కమ్మింది. పాతికేళ్ల తర్వాత చూస్తే, ఆనాడు ఐదేళ్లు నిండని వాళ్ల పళ్లలో ఎనామిల్ లోపాలు! కొందరికి కొన్ని పళ్లు రానేలేదు.

తైవాన్‌లో 1979లో కల్తీ తవుడు నూనె తిన్న తల్లులకు పుట్టిన బిడ్డల్లో కొందరు పళ్లతోనే పుట్టారని మీకు తెలుసా? అమ్మో!

ప్లాస్టిక్‌లో వాడే బిస్‌ఫినాల్-ఏ పెట్టిన ఎలుకల ముందుపళ్లపై తెల్లమచ్చలు వచ్చాయని 2013లో పారిస్ పరిశోధకులు చూపించారు. పిల్లల దవడ పళ్లపై కనిపించే మచ్చలకు అవి అచ్చు కవలలు!

ఆఖరి ప్రశ్న. సీసం విషం ఫ్యాక్టరీలతోనే వచ్చిందనుకుంటున్నారా? ఫ్రాన్స్‌లో దొరికిన రెండున్నర లక్షల ఏళ్ల నాటి ఇద్దరు నియాండర్తాల్ పిల్లల పళ్లలో సీసం జాడ కనిపించిందని 2018లో బయటపడింది. అదీ ఒక్కసారి కాదు, కనీసం రెండేసి సార్లు! వాళ్లలో ఒకరు వసంతంలో పుట్టారట, రెండున్నరేళ్లకు పాలు మానారట. ఆ బిడ్డ కథంతా ఒక్క పన్ను చెప్పిందంటే నమ్ముతారా?