పాత విమానము – పెట్రోలు ట్యాంకు

మన నందిగామ మీదుగా హైదరాబాదు పోవు రహదారిపై పాత లారీల డ్రైవర్లు గేజిని నమ్మక, ట్యాంకులో కర్ర ముంచి చూచుకొనుట మేము చిన్ననాటి నుండి ఎరిగినదే. లారీ ఆగిన యెడల పక్కకు త్రోయవచ్చును. విమానమునకు ఆ వీలు లేదు.

రెండవ ప్రపంచ యుద్ధకాలమున బేగంపేటలో శిక్షణ పొందిన యువకులు ఎక్కినది టైగర్ మాత్ అను రెండంతస్తుల రెక్కల విమానము. 1931లో ఇంగ్లండున తొలిసారి ఎగిరిన ఈ రకమునకు చెందిన ఒక దానిని మన వైమానిక దళము బాగుచేయించి 2012లో మరల ఎగురవేసినది. అట్టి విమానమును పునరుద్ధరించునపుడు ట్యాంకును, గేజిని మార్చుట ఎట్లో మనవి చేయదలచినాము.

ఇందు ట్యాంకు పై రెక్క నడుమ ఉండును. సుమారు 86 లీటర్లు పట్టును. పంపు లేదు. డాబాపై తొట్టి నుండి కుళాయికి నీరు దిగినట్లు పెట్రోలు ఇంజనుకు దిగును. గేజి అనగా లోపల తేలు బెండు, దానికొక కడ్డీ, అంతే. బెండు పెట్రోలు పీల్చి బరువెక్కినచో ఉన్నదానిని లేదని చూపును. అది కొంత నయము. కడ్డీ త్రుప్పుపట్టి పైననే బిగుసుకొన్నచో లేనిదానిని ఉన్నదని చూపును. ప్రాణాపాయము ఇచ్చటనే.

కావున గేజిని మాత్రము మార్చి ఊరకుండరాదు. పెట్రోలు కంటె నీరు బరువు గనుక చేరిన తేమ అడుగున నిలిచి రేకును తినును. కళాయి పోయిన ఇత్తడి గిన్నె సంగతి మన ఇండ్లలో తెలియనిదా? పై పూత పోయిన ఇనుప రేకు గతియు అట్టిదే. రాలిన త్రుప్పు సన్నని గొట్టములకు అడ్డుపడును. అతుకు వేయుదమందురా, ఖాళీ ట్యాంకులో మిగిలిన ఆవిరి నిండు ట్యాంకు కంటె ప్రమాదకరము. పూర్తిగా శుద్ధి చేయక నిప్పు చూపరాదు. రేకు పలుచబడినచో క్రొత్త ట్యాంకు చేయించుటయే మేలని మా అభిప్రాయము. దానిలో స్వల్పపు ఒత్తిడితో గాలి నింపి, అతుకులపై సబ్బునీరు పూసి, బుడగలు వచ్చునేమో చూడవలెను. మూతలోని గాలిరంధ్రము పూడిన యెడల నిండు ట్యాంకు నుండియు పెట్రోలు సరిగా దిగదు.

ఇక గుర్తులు. నేలపై ఈ విమానము తోక వాల్చి, ముక్కెత్తి నిలుచును గనుక అప్పటి కొలత గాలిలో సరిపోదు. తోకను ఎత్తి నిలిపి, ట్యాంకును ఖాళీ చేసి, అయిదేసి లీటర్ల చొప్పున కొలిచి పోయుచు, పోసినప్పుడెల్ల గేజిపై గీత పెట్టవలెను. ఒక పూట పని.