తెగులును తట్టుకునే సన్నాలు: వర్తకులు గమనించవలసిన సంగతులు

పిట్లం, బాన్సువాడ ప్రాంతాల్లో సన్నధాన్యం కొనే వర్తకుడు రాశి వద్ద గింజ సన్నం చూస్తాడు, తేమ చూస్తాడు, తాలు చూస్తాడు. ఆ పైరు ఏ తెగులును తట్టుకుని వచ్చిందో మాత్రం అడగడు. అడగకపోవడం వల్ల నష్టం తనకే.

వెన్ను మెడ దగ్గర అగ్గి తెగులు సోకితే పాలు పోసుకునే గింజకు ఆహారం అందదు. తాలు పెరుగుతుంది. నిండకుండా మిగిలిన గింజ మరలో పడగానే నూక అవుతుంది. ప్రభుత్వ సేకరణ నిబంధనల ప్రకారం దెబ్బతిన్న, రంగుమారిన, మొలకెత్తిన, పురుగుపట్టిన గింజలు కలిపి 5 శాతం, పక్వానికి రాని నొక్కు గింజలు 3 శాతం మించరాదు. మిల్లరు క్వింటాలు ధాన్యానికి 67 కిలోల పచ్చిబియ్యం అప్పగించవలసి వుంటుంది. పొలంలోని తెగులు వర్తకుని చిట్టాలోకి వచ్చేది ఈ దారినే.

బాపట్ల నుంచి 1986లో విడుదలైన సాంబ మసూరి, అనగా బి.పి.టి. 5204, తినేవారికి ఎంత ప్రీతిపాత్రమో పండించేవారికి అంత సుకుమారం. అగ్గి తెగులుకు, బాక్టీరియా ఎండాకు తెగులుకు, సుడిదోమకు కూడా లోనవుతుంది. అయినా నిలిచిందంటే బజారు నిలబెట్టిందనే చెప్పాలి. తట్టుకునే రకాలు అంతకు ముందే లేకపోలేదు. కాని గింజ దొడ్డుదైతే సన్నాల ధర పలకదు, ధర పలకని రకాన్ని రైతు మళ్లీ వేయడు.

అందువల్లనే తర్వాతి ప్రయత్నం గింజను కదపకుండా సాగింది. నేడు భారత వరి పరిశోధన సంస్థగా పిలువబడుతున్న రాజేంద్రనగర్ డైరెక్టరేట్, హైదరాబాదులోని సి.సి.ఎం.బి. కలిసి మెరుగైన సాంబ మసూరిని రూపొందించగా, అది 2008లో విడుదలైంది. ఎండాకు తెగులును అడ్డుకునే మూడు జన్యువులు అందులో వున్నాయి. వాటిలో ఒకటి ఆఫ్రికాలోని మాలి దేశపు అడవి వరి నుంచి వచ్చినది కావడం విశేషం. ఆ జన్యువులున్న మొక్కతో సాంబను సంకరపరచి, వచ్చిన సంతానాన్ని తిరిగి తిరిగి సాంబతోనే కలిపారు. ప్రతి తరంలోనూ నారు ఆకును పరీక్షించి, మూడు జన్యువులూ వున్న మొక్కలనే వుంచుకున్నారు. చివరికి గింజ సాంబదే, రక్షణ మాత్రం కొత్తది. అయితే ఈ రక్షణ ఎండాకు తెగులుకే పరిమితం. అగ్గి తెగులుకు, సుడిదోమకు ఇదే భరోసా అనుకోరాదు.

అగ్గి తెగులు విషయంలో తెలంగాణ సోనా, అనగా ఆర్.ఎన్.ఆర్. 15048, మెరుగు. ఎం.టి.యు. 1010ను జె.జి.ఎల్. 3855తో సంకరపరచగా వచ్చిన ఈ రకం రాజేంద్రనగర్ నుంచి 2015లో విడుదలైంది. సాంబకు 150 రోజులు కావలసివుండగా దీనికి 125 రోజులు చాలు. నిజాంసాగర్ నీటి మీద ఆధారపడే రైతుకు ఇది లాభమే. వర్తకులు గ్రహించవలసినది మరొకటి: ఒకే సమయంలో నాటినా సోనా రాబడి సాంబ కన్నా మూడు వారాలు ముందే మొదలవుతుంది.

ఏ రక్షణా శాశ్వతం కాదు. ఉల్లికోడుకు లొంగని రకంగా 1977లో వచ్చిన ఫల్గుణకు మంచి పేరే వుండేది. 1980వ దశకం రెండో సగంలో శ్రీకాకుళం ప్రాంతంలో దానిని కూడా తినగల కొత్తరకం ఉల్లికోడు బయటపడింది. ఆలుగడ్డ వర్తకులకూ ఈ అనుభవం వుంది. సిమ్లా సంస్థవారు 1968లో ఇచ్చిన కుఫ్రి జ్యోతి మొదట ఆకుమాడు తెగులును తట్టుకున్నదే, తర్వాత లొంగిపోయింది. ఒకే రకం ఊళ్లకు ఊళ్లు పరచుకుంటే పురుగుకూ తెగులుకూ నేర్చుకునే వీలు ఎక్కువ.

2024 వానాకాలం నుంచి రాష్ట్ర ప్రభుత్వం సన్నాలకు క్వింటాలుకు 500 రూపాయల బోనస్ ప్రకటించడంతో సన్నాల సాగుకు వూపు వచ్చింది. సన్నగా వున్నదల్లా సాంబ అని కొంటే ఇక చెల్లదు. మెరుగైన సాంబకూ పాత సాంబకూ రాశిలో తేడా కనిపించదు కనుక రైతును విత్తనం నెంబరు అడిగి తక్‌పట్టీ మీద రాసుకోవాలి. నెంబరు వారీగా బస్తాలు విడిగా పేర్చి, బియ్యం ఎంత దిగిందో, నూక ఎంత పడిందో రెండు సీజన్లు లెక్క చూస్తే, ఏ రకానికి పది రూపాయలు ఎక్కువ పెట్టవచ్చునో మిల్లరుకే తెలిసిపోతుంది.