భూ వినియోగ మార్పిడి, లేఅవుట్ అనుమతి : దరఖాస్తుల పరిశీలన ఎలా జరుగుతుంది?

హైదరాబాద్ పరిసరాలలో వ్యవసాయ భూములు నివాస స్థలాలుగా మారుతున్న క్రమంలో ఒకే భూమికి సంబంధించి మూడు వేర్వేరు అనుమతులు అవసరం కావచ్చు. వీటిలో ఒకదానిని మరొకదానిగా పొరబడటం వల్లనే సామాన్య కుటుంబాలు నష్టపోతున్నాయి. జీవితకాలపు పొదుపుతో కొన్న ప్లాటులో ఇల్లు కట్టుకోవడానికి అనుమతి రాదని ఆలస్యంగా తెలుసుకోవడం ఈ పొరపాటు ఫలితమే.

మూడు అనుమతులు - మూడు ప్రయోజనాలు

మొదటిది, వ్యవసాయ భూమిని వ్యవసాయేతర అవసరాలకు మార్చేందుకు 2006 నాటి చట్టం ప్రకారం రెవెన్యూ అధికారులు ఇచ్చే ఉత్తర్వు. ప్రజలు దీనినే 'నాలా' అని వ్యవహరిస్తున్నారు. రెండవది, మాస్టర్ ప్లాన్‌లో ఆ భూమికి కేటాయించిన జోన్‌ను మార్చే ఉత్తర్వు. మూడవది, భూమిని ప్లాట్లుగా విభజించేందుకు ఇచ్చే లేఅవుట్ అనుమతి. నాలా ఉత్తర్వు ఉన్నంత మాత్రాన జోన్ మారదు. జోన్ మారినంత మాత్రాన ప్లాట్లు అమ్మే హక్కు రాదు.

జోన్ మార్పు పరిశీలన

హైదరాబాద్ మహానగరాభివృద్ధి సంస్థ పరిధిలోని విస్తృత ప్రాంతానికి 2013 జనవరిలో మాస్టర్ ప్లాన్-2031 ఆమోదం పొందింది. అందులో కన్జర్వేషన్ జోన్‌గా చూపిన పొలంలో ఇళ్ల స్థలాలు వేయదలచినవారు ముందుగా ఆ భూమిని నివాస జోన్‌గా మార్చాలని కోరవలసి ఉంటుంది. అధికారులు యాజమాన్య పత్రాలను, సర్వే నంబర్ల హద్దులను, భూమికి చేరే దారి వెడల్పును, చుట్టుపక్కల భూముల వినియోగాన్ని క్షేత్రస్థాయిలో పరిశీలించి ప్రభుత్వానికి నివేదిక పంపుతారు.

చెరువులు, కాలువల సామీప్యం ఈ పరిశీలనలో అత్యంత కీలకమైనది. 2012 ఏప్రిల్‌లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం జారీ చేసిన భవన నిర్మాణ నియమాల ప్రకారం 10 హెక్టార్లు, అంతకు మించిన విస్తీర్ణం గల చెరువు పూర్తి నీటిమట్టం హద్దు నుంచి 30 మీటర్లు, అంతకంటె చిన్న చెరువులు, కుంటల హద్దు నుంచి 9 మీటర్ల మేర నిర్మాణాలు లేకుండా విడిచిపెట్టాలి. ఎండాకాలంలో పొడిగా కనిపించే నేల వర్షాకాలంలో నీటి దారి కావచ్చును. అందువల్ల కంటికి కనిపించే స్థితిపై మాత్రమే ఆధారపడక, రెవెన్యూ, నీటిపారుదల శాఖల రికార్డులను సరిచూడటం తప్పనిసరి.

అభ్యంతరాలకు అవకాశం

ప్రతిపాదనపై ముసాయిదా ప్రకటన వెలువరించి, సాధారణంగా 15 రోజుల గడువులో అభ్యంతరాలు, సూచనలు ఆహ్వానిస్తారు. పొరుగు రైతులకు, నివాసులకు తమ మాట వినిపించడానికి ఇదే సరైన సమయం. బెంగళూరులో పార్కుకు ఉద్దేశించిన స్థలాన్ని ప్రైవేటు ఆసుపత్రికి కేటాయించడాన్ని 1991లో సుప్రీంకోర్టు తోసిపుచ్చుతూ, అటువంటి మార్పును ప్రశ్నించే అర్హత స్థానిక నివాసులకు ఉన్నదని గుర్తించింది. అభ్యంతరాలను పరిశీలించి, నిర్ణీత రుసుములు చెల్లించిన పిదప తుది ఉత్తర్వు వెలువడుతుంది.

విభజన వేళ విడిచిన స్థలమే మిగిలేది

లేఅవుట్ పరిశీలనలో రహదారులు, మురుగు కాలువలు, నీటి సరఫరా, విద్యుత్తుతోపాటు ఉమ్మడి అవసరాలకు ఖాళీ స్థలం ఉన్నదీ లేనిదీ చూస్తారు. యజమాని పనులు పూర్తి చేస్తాడన్న హామీగా ప్లాట్ల విస్తీర్ణంలో 15 శాతాన్ని సంస్థకు తనఖా పెట్టాలి. పనులు పూర్తయి, తుది లేఅవుట్ ఆమోదం పొందాకే ఆ తనఖా విడుదలవుతుంది.

ఈ దశను తప్పించుకొని వెలసిన లేఅవుట్ల కోసం 2007లోను, తెలంగాణ ఏర్పడిన తరువాత 2015, 2020 సంవత్సరాలలోను క్రమబద్ధీకరణ పథకాలు ప్రకటించవలసి వచ్చింది. తెలంగాణలో 2020 ఆగస్టులో అనుమతి లేని లేఅవుట్లలోని ప్లాట్ల రిజిస్ట్రేషన్లను నిలిపివేశారు. ఆ ఏటి నియమాల ప్రకారం 10 శాతం ఖాళీ స్థలం లేని లేఅవుట్లలో ప్లాటు యజమాని, ఇతర రుసుములకు అదనంగా, ప్లాటు విలువలో 14 శాతం చెల్లించాలి. స్థలం విడిచిపెట్టనివాడు అమ్ముకొని వెళ్లిపోగా, ఆ భారం కొన్నవారిపై పడింది.

అయిదెకరాల భూమి అంటే 24,200 చదరపు గజాలు. అందులో 10 శాతం 2,420 గజాలు, అనగా అర ఎకరం. ముందే విడిచిపెడితే అది పిల్లలు ఆడుకొనే పార్కు అవుతుంది. ఇళ్లు నిండిన తరువాత ఎంత రుసుము వసూలు చేసినా ఆ అర ఎకరం అక్కడ తిరిగి లభించదు.

కాబట్టి ప్లాటు కొనదలచినవారు నాలా ఉత్తర్వుతో తృప్తి చెందక, మాస్టర్ ప్లాన్‌లో ఆ సర్వే నంబరు ఏ జోన్‌లో ఉన్నదో, తుది లేఅవుట్ మంజూరైనదో లేదో, తాము కొనే ప్లాటు తనఖాలో ఉన్నదేమో సంబంధిత కార్యాలయంలో విచారించుకొనిన పిదపనే బయానా చెల్లించడం శ్రేయస్కరం.