కళ్ళజోడుకు లేజరు చికిత్స: ఏ కంటికి ఏ పద్ధతి?

లూకన్ నుండి సెలవులకు హైదరాబాదు వెళ్ళి, తిరుగు ప్రయాణంలోగా కళ్ళజోడు వదిలించుకోవాలనుకునేవారు తొలుత తెలుసుకోవలసినది తమ కార్నియా మందం. సాధారణంగా అది అర మిల్లీమీటరుకు కాస్త ఎక్కువ.

193 నానోమీటర్ల ఎక్సైమర్ లేజరు పరిసర కణజాలాన్ని దాదాపు వేడెక్కించకుండానే కొల్లాజెన్ బంధాలను తెంచుతుంది. 1981లో ఐ.బి.ఎం.లో రంగస్వామి శ్రీనివాసన్ బృందం జీవకణజాలంపై గమనించిన గుణమిదే.

పి.ఆర్.కె.లో కార్నియా పైపొరను తొలగించి ఆ కిరణంతో చెక్కుతారు. కొద్దిరోజులు నొప్పి, చూపు కుదుటపడడానికి వారాలు. లాసిక్‌లో పలుచని మూతను ఎత్తి, అడుగున చెక్కి, తిరిగి పరుస్తారు. సాధారణంగా మరునాటికే చూపు తేటపడుతుంది. కాని ఆ మూత కోత వల్ల కార్నియా బలం కొంత తగ్గుతుంది. స్మైల్‌లో ఫెమ్టోసెకండ్ లేజరు లోపలే కోసిన ముక్కను చిన్న గాటు గుండా తీస్తారు.

కార్నియా కొంత పలుచనైతే తరచు పి.ఆర్.కె.యే మేలు, సెలవు చాలకపోయినా సరే. శంకువులా ఉబ్బే కెరటోకోనస్ కనిపిస్తే చూపు సవరణకు ఈ మూడూ సాధారణంగా తగవు. కాంటాక్ట్ లెన్సులు కార్నియా ఆకృతిని మారుస్తాయి గనుక, వైద్యుడు చెప్పినన్ని రోజుల ముందే వాటిని మానితేనే కొలతలు సరిగా వస్తాయి.